డచ్ ఈస్టిండియా కంపెనీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ కంపెనీ గురించి పోటీ పరీక్షల పుస్తకాల్లో రెండు లైన్లు, యూట్యూబులో "ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీ" అని పది నిమిషాల వీడియోలు తప్ప తెలుగులో పెద్దగా దొరకదు. మామూలుగా జనం అడిగేవన్నీ ఒకచోట పెట్టి, నాకు ముఖ్యమనిపించిన చోట కాస్త ఎక్కువ రాశాను.

ప్రశ్న: మనల్ని ఏలిన ఈస్టిండియా కంపెనీ, ఇదీ ఒకటేనా?

కాదు. మనల్ని ఏలింది ఇంగ్లీషు కంపెనీ, దానికి ఎలిజబెత్ రాణి 1600 డిసెంబరు 31న చార్టర్ ఇచ్చింది. డచ్ కంపెనీ 1602 మార్చి 20న పుట్టింది, డచ్ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని వీఓసీ అంటారు. ఏడాదికి పైగా వెనక పుట్టినా మొదటి వందేళ్లు పెద్దన్న ఇదే. ఇంగ్లీషువాళ్లు 68 వేల పౌండ్ల చిల్లరతో మొదలుపెడితే వీళ్లు దాదాపు 64 లక్షల గిల్డర్లు (అప్పటి డచ్ నాణెం) పోగేశారు, అంటే ఇంచుమించు పది రెట్లు.

ప్రశ్న: అసలు ఎందుకు పెట్టారు?

అప్పటికి వందేళ్లుగా తూర్పు సముద్రాల వ్యాపారం బుడతకీచుల (పోర్చుగీసువాళ్ల) చేతిలో ఉంది, దారుల మ్యాపులు, గాలుల లెక్కలు బయటికి పొక్కనిచ్చేవాళ్లు కాదు. గోవాలో ఆర్చిబిషప్ దగ్గర సెక్రటరీగా పనిచేసిన లిన్‌స్కోటెన్ అనే డచ్ కుర్రాడు ఆ వివరాలన్నీ రాసుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. 1595లో హౌట్‌మన్ నాయకత్వంలో నాలుగు ఓడలు, 249 మంది బయల్దేరారు. 1597లో మూడు ఓడలు, 87 మంది తిరిగొచ్చారు. లాభం అంతంత మాత్రమే కానీ దారి ఉందని తేలిపోయింది కదా, ఇక ఊరికో కంపెనీ పుట్టుకొచ్చింది. అందరూ ఒకే రేవుల్లో ఎగబడి కొనడంతో అక్కడ మిరియాల ధర పెరిగింది, అందరూ ఒకేసారి తెచ్చి అమ్మడంతో హాలండ్‌లో పడిపోయింది. ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే రాజకీయ నాయకుడు పట్టుబట్టి వీళ్లందరినీ కలిపేశాడు.

ఆయన ఆలోచన ధరల దగ్గరే ఆగలేదు. డచ్ వాళ్లు అప్పుడు స్పెయిన్‌తో యుద్ధంలో ఉన్నారు, 1580 నుంచి పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు కిందే ఉంది. అంటే ఈ కంపెనీని వ్యాపారానికి ఎంత పెట్టారో, శత్రువు ఆదాయం మీద దెబ్బ కొట్టడానికీ అంతే పెట్టారు. ఇది గుర్తుపెట్టుకోకపోతే తర్వాత జరిగినవేవీ అర్థం కావు.

ప్రశ్న: చార్టర్‌లో ఏం హక్కులు ఇచ్చారు?

గుడ్‌హోప్ అగ్రానికి తూర్పున, మాగెల్లన్ జలసంధికి పడమటన డచ్ వాళ్లలో ఇంకెవరూ వ్యాపారం చేయకూడదు. మొదట 21 ఏళ్లకు ఇచ్చారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. అక్కడి రాజులతో ఒప్పందాలు రాసుకోవచ్చు, కోటలు కట్టుకోవచ్చు, సైనికుల్ని పెట్టుకోవచ్చు, గవర్నర్లను నియమించుకోవచ్చు. ప్రభుత్వం చేసే పనులన్నీ, ఓట్లడిగే గోల లేకుండా.

నడిపింది పదిహేడుగురు. ఆమ్‌స్టర్‌డాం నుంచి 8 మంది, జీలండ్ నుంచి 4, డెల్ఫ్ట్, రాటర్‌డాం, హోర్న్, ఎన్‌కౌజెన్ నుంచి తలా ఒకరు. అవి కూడితే 16. పదిహేడో సీటు ఆమ్‌స్టర్‌డాంకు తప్ప మిగతా ఊళ్లకు వంతులవారీగా వెళ్లేది, ఎందుకంటే అదీ వాళ్లకే ఇస్తే మిగతావాళ్లు ఊరికే కూర్చుని సంతకాలు పెట్టడమే అవుతుంది.

ప్రశ్న: డబ్బులు పెట్టింది ఎవరు? కోటీశ్వరులేనా?

ఎక్కువ భాగం వాళ్లే, కానీ తలుపు అందరికీ తీశారు. ఆమ్‌స్టర్‌డాంలో చందా పుస్తకం డిర్క్ వాన్ ఓస్ అనే డైరెక్టర్ ఇంట్లో పెట్టారు, 1602 ఆగస్టు ఆఖరు వరకు గడువు. పేరు, మొత్తం చెబితే రాసుకునేవారు. గడువు ముగిసేసరికి ఆ ఒక్క ఊళ్లోనే 1,143 పేర్లు, దాదాపు 36 లక్షల 75 వేల గిల్డర్లు. ఆఖర్లో చేరిన పేర్లలో ఆ ఇంటి పనిమనిషి నేల్ట్‌గెన్ కార్నెలిస్ ఒకరు, ఆమె 100 గిల్డర్లు రాయించింది. కంపెనీ ఓడలో మామూలు నావికుడికి నెలకు పది గిల్డర్ల లోపో, కాస్త అటూఇటూనో ఇచ్చేవారు, అంటే ఆమె పెట్టింది ఓ నావికుడి పది నెలల జీతమంత. ఇంటికొచ్చి చందాలు రాయించుకుపోతున్న జనాన్ని నెల తరబడి చూసి ఉంటుంది, చూసీ చూసీ ఆమెకూ ఆశ పుట్టి ఉండాలి. ఈ మొత్తం చరిత్రలో నాకు బాగా నచ్చే మనిషి ఈమే.

ప్రశ్న: ప్రపంచంలో మొట్టమొదటి షేర్ల కంపెనీ ఇదేనట?

సూటిగా చెప్పాలంటే కాదు. పలువురి పెట్టుబడితో నడిచిన మస్కోవీ కంపెనీ ఇంగ్లండులో 1555లోనే చార్టర్ తెచ్చుకుంది. వీఓసీలో కొత్తదేంటంటే, డబ్బు లోపలికి వెళ్లడమే గానీ బయటికి రావడం లేదు.

అంతకుముందు పద్ధతి ఏంటంటే ఒక ప్రయాణానికి డబ్బు పెడతారు, ఓడ తిరిగొచ్చాక సరుకు అమ్మి, లెక్క తేల్చి, పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. వీఓసీ చార్టర్ ప్రకారం పదేళ్లకు, అంటే 1612లో లెక్క చెప్పాలి, వద్దనుకున్నవాళ్లు అసలు తీసుకుని వెళ్లిపోవచ్చు. 1612 వచ్చింది, కానీ డైరెక్టర్లు ప్రభుత్వాన్ని పట్టుకుని ఆ లెక్క అక్కర్లేకుండా చేసుకున్నారు. మరి డబ్బు అవసరమైనవాడు ఏం చేయాలి? తన వాటాను ఇంకొకడికి అమ్ముకోవాలి. మార్కెట్ అలా పుట్టింది, ఎవరో మేధావి కూర్చుని కనిపెట్టింది కాదు. ఇసాక్ లె మేర్ అనే మాజీ డైరెక్టర్ కంపెనీ మీద కోపంతో 1609లో తన దగ్గర లేని షేర్లు అమ్మి ధర పడగొట్టే ఆట మొదలుపెట్టాడు, 1610లో అలాంటి అమ్మకాలను నిషేధించారు. షార్ట్ సెల్లింగ్ మీద గొడవ మన టీవీ చానళ్ల కంటే చాలా పాతది.

ఇక మొదటి డివిడెండ్ 1610లో. చేతికొచ్చింది నగదు కాదు, జాపత్రి. ఇంటికి జాపత్రి మూటలు తెచ్చుకున్న వాటాదారుల మొహాలు ఊహించుకోండి, ఊరంతా ఒకేసారి అమ్మబోతే ధర ఏమవుతుందో కూడా. తర్వాత పరిస్థితి మెరుగైంది, మొత్తం కాలానికి సగటు చూస్తే ముఖవిలువ మీద ఏడాదికి 18 శాతం దాకా ఇచ్చినట్టు లెక్క.

ప్రశ్న: దాని విలువ ఇప్పటి లెక్కలో 7.9 ట్రిలియన్ డాలర్లట, నిజమేనా?

వాట్సాప్ లెక్క. 1637లో కంపెనీ విలువ 7.8 కోట్ల గిల్డర్లని చెప్పి దాన్ని ఎలాగో డాలర్లలోకి మారుస్తారు. అసలు పెట్టుబడి 64 లక్షలు కదా, అది 7.8 కోట్లు కావాలంటే షేరు 12 రెట్లు పెరగాలి. 1637లో అది అయిదు రెట్లు కూడా లేదు. వెయ్యి శాతం దాటింది 1720లో, లండన్, పారిస్‌లలో కూడా షేర్ల పిచ్చి పట్టిన ఏడాది. పైగా నాలుగు వందల ఏళ్ల కిందటి గిల్డర్‌ను డాలర్లలోకి మార్చే నమ్మదగ్గ పద్ధతంటూ ఏదీ లేదు. చాలా పెద్ద కంపెనీ అనండి, ఒప్పుకుంటాను, యాపిల్‌తో పోలిక మాత్రం వద్దు.

ప్రశ్న: మన తీరానికి ఎప్పుడొచ్చారు?

1605లో డెల్ఫ్ట్ అనే ఓడ బందరుకు వచ్చింది. గోల్కొండలో అప్పుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా, అంటే చార్మినార్ కట్టించినాయన. 1606లో అనుమతి తీసుకుని బందరులోనూ, అప్పట్లో పెటపులి అనేవారు, ఆ నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టారు. అధికారుల వసూళ్లతో విసుగెత్తి దక్షిణాన ఇంకో చోటు చూసుకున్నారు, 1610లో విజయనగర రాజు రెండో వేంకటపతి రాయల అనుమతితో పులికాట్‌లో దిగారు. 1612లో శాంతోమ్ (ఇప్పటి చెన్నైలో ఉంది) నుంచి బుడతకీచులు వచ్చి దాన్ని ధ్వంసం చేస్తే, 1613లో అక్కడే గెల్డ్రియా కోట లేచింది. 1690లో నాగపట్నానికి మార్చేదాకా కోరమాండల్ (మన తూర్పు తీరం) మొత్తానికి వీళ్ల రాజధాని పులికాటే. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమిలి, కాకినాడ పక్కన జగన్నాథపురం, లోపలికి వెళ్తే గోల్కొండ, ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచ.

ప్రశ్న: మసాలాల కోసం వచ్చినవాళ్లకు మన బట్టలతో పనేంటి?

పుస్తకాల్లో సరిగ్గా చెప్పనిది ఇదే. లవంగాలు, జాజికాయ పండే మొలుక్కా, బాండా దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) యూరప్ సరుకు ఎవరికీ అక్కర్లేదు. ఉక్కపోసే చోట ఉన్ని బట్టలు ఎవడు కొంటాడు? వాళ్లు తరతరాలుగా కోరింది కోరమాండల్ నేత, రంగుబట్టలు, అదీ వాళ్లు చెప్పిన రంగులో, చెప్పిన అంచుతో, చెప్పిన కొలతలో. వెండి తీసుకెళ్లొచ్చు కానీ ఆ వెండి ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే కోరమాండల్ డైరెక్టరుగా పనిచేసిన హెండ్రిక్ బ్రౌవర్ 1612 ప్రాంతంలోనే ఈ తీరం మొలుక్కా దీవులకు ఎడమ చెయ్యి లాంటిదని, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చినట్టేనని పైవాళ్లకు రాశాడు.

పని ఎలా జరిగేదంటే, ముందు దీవుల నుంచి, తర్వాత బటావియా (జావాలో కంపెనీ ముఖ్య పట్నం, ఇప్పటి జకార్తా) నుంచి బట్టల నమూనాలు, ఎన్ని కావాలో జాబితా వచ్చేవి. కంపెనీవాళ్లు నేతగాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లు కాదు, భాష రాదు, మనుషులు తెలియదు. స్థానిక వ్యాపారికి బయానా ఇస్తారు, అతను చిన్న దళారులకు, వాళ్లు సాలెలకూ దేవాంగులకూ ఇస్తారు. ఆ డబ్బుతోనే నేతగాడు నూలు కొంటాడు, నేత పూర్తయ్యేదాకా ఇల్లు గడుపుతాడు. నేసిన తానులు గిడ్డంగికి చేరాక నమూనా పక్కన పెట్టి చూస్తారు, పొడవు తగ్గినా పోగు పలచబడినా వెనక్కి కొడతారు లేదా ధర కోస్తారు. వెనక్కి కొట్టిన తాను నష్టం అన్ని మెట్లూ దిగి చివరికి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. ఎరుపు రంగు చిరివేరు నుంచి వచ్చేది, కృష్ణా డెల్టాలో పెటపులి వైపు దొరికే వేరుకు మంచి పేరు, ఎంత ఉతికినా పోని ఎరుపని విదేశాల్లోనూ అడిగి కొనేవారు.

మధ్యలో ఉన్న వ్యాపారులు అమాయకులేం కాదు. పులికాట్‌లో అచ్యుతప్ప చెట్టి అనే తెలుగు బలిజ వర్తకుడు (డచ్ వాళ్ల కాగితాల్లో ఈయన పేరు మలయ), ఆయన తమ్ముడు చిన్నన్న కంపెనీకి సరుకు సప్లై చేస్తూనే సొంత ఓడలు నడిపారు, చుట్టుపక్కల రాజుల రాజకీయాల్లోనూ వేలుపెట్టారు. కంపెనీకి వాళ్లంటే చిరాకు, వాళ్లు లేకపోతే పని జరగదు.

దీనికి ఇంకో కొస జపాన్‌లో ఉంది. జపాన్‌లో వెండి, రాగి కొంటారు, రాగి తెచ్చి మన తీరంలో అమ్ముతారు (నాణేలకూ, బిందెలకూ కావాలి కదా), ఆ డబ్బుతో బట్టలు, బట్టలతో మసాలాలు, ఆ మసాలాల్లో కొంత ఆసియాలోనే, మిగతాది యూరప్‌లో. యూరప్‌కు పోయే ఓడలే మనకు బొమ్మల్లో కనిపిస్తాయి కానీ 17వ శతాబ్దంలో కంపెనీని నిలబెట్టింది ఈ ఆసియా లోపలి తిరుగుడే అని నా అభిప్రాయం.

ప్రశ్న: మరి బందరుకు ఇంగ్లీషువాళ్లు ఎలా వచ్చారు?

డచ్ కంపెనీ పాత ఉద్యోగులే తీసుకొచ్చారు! 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ బందరుకొచ్చింది, ఆ ప్రయాణాన్ని నడిపిన ఫ్లోరిస్, అంథోనిస్ ఇద్దరూ వీఓసీ తరఫున ఈ తీరంలోనే పనిచేసి కంపెనీ మారినవాళ్లు. కస్టమర్ల వివరాలతో సహా ఎదుటి కంపెనీకి దూకడం కొత్తేమీ కాదు.

ప్రశ్న: గోల్కొండ సుల్తాను మీద యుద్ధం చేశారట?

1686లో సుంకాలు, రావలసిన బాకీల గొడవ ముదిరి కంపెనీ సైన్యం బందరును పట్టుకుంది. తానీషా టైం అసలే బాగాలేదు, అదే ఏడాది అక్కన్న, మాదన్నలను చంపేశారు, ఔరంగజేబు మీదికొస్తున్నాడు. 1687 సెప్టెంబరులో గోల్కొండే పడిపోయింది, కంపెనీ మళ్లీ కొత్త దొరల దగ్గర అర్జీలు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: బాండా దీవుల్లో ఏం జరిగింది?

జాజికాయ అప్పట్లో ప్రపంచం మొత్తంలో ఆ చిన్న దీవుల్లోనే పండేది. డచ్ వాళ్లు తమకే అమ్మాలని ఒప్పందాలు రాయించుకున్నారు, దీవులవాళ్లు పాత అలవాటు ప్రకారం ఇంగ్లీషువాళ్లకూ జావా వాళ్లకూ కూడా అమ్మారు. గవర్నర్ జనరల్ యాన్ కూన్ (1619లో జకార్తాను తగలబెట్టి బటావియా కట్టినవాడు ఇతనే, యుద్ధం లేకుండా వ్యాపారం లేదని డైరెక్టర్లకు ముందే రాసినవాడు కూడా) 1621లో సైన్యంతో దిగాడు. ఊరి పెద్దల్లో 44 మందిని జపాన్ నుంచి తెచ్చిన కిరాయి సైనికుల చేత నరికించారు. దాదాపు 15 వేలుగా చెప్పే జనాభాలో చివరికి మిగిలింది వెయ్యి మంది ఉంటారేమో, మిగతావాళ్లు చచ్చారు, ఆకలికి పోయారు, పారిపోయారు, బానిసలుగా బటావియా చేరారు. తోటలను ముక్కలు చేసి డచ్ వాళ్లకు పంచి, పనికి వేరే చోట్ల నుంచి బానిసల్ని తెచ్చారు. డైరెక్టర్లు మరీ కఠినంగా చేశావని కూన్‌కు రాశారు, జాజికాయ లాభం మాత్రం ఎవరూ వద్దనలేదు. ఇదంతా వదిలేసి ఇది ఆధునిక కార్పొరేషన్లకు తాతగారు అని మురిసిపోయే వ్యాసాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రశ్న: మన తీరం నుంచి కూడా బానిసల్ని తీసుకెళ్లారా?

తీసుకెళ్లారు. కరువు, యుద్ధాలు వచ్చినప్పుడు తిండిలేక పిల్లల్నీ తమనూ అమ్ముకున్న తెలుగు, తమిళ జనాన్ని పులికాట్, నాగపట్నం వంటి రేవుల నుంచి వేల సంఖ్యలో బటావియాకు, సిలోన్‌కు ఎక్కించారు. వానలు పడి పంట పండిన ఏళ్లలో బానిసలు దొరకడం లేదని, ధర ఎక్కువుందని రాసుకున్నారు. బట్టల తానుల్లాగే వీళ్లూ సరుకు జాబితాలో ఒక పద్దు.

ప్రశ్న: రన్ దీవి తీసుకుని న్యూయార్క్ ఇచ్చేశారట?

దాదాపు. 1667 బ్రెడా ఒప్పందంలో ఎవరు పట్టుకున్నది వాళ్లు ఉంచుకోమన్నారు. బాండాలోని రన్ డచ్ వాళ్లకు, మాన్‌హాటన్ (ఇప్పటి న్యూయార్క్ నడిబొడ్డు) ఇంగ్లీషువాళ్లకు మిగిలాయి. అప్పటి ధరల్లో అది తెలివితక్కువ బేరమేం కాదు.

ప్రశ్న: కంపెనీలో ఉద్యోగం ఎలా ఉండేది?

రెండు వందల ఏళ్లలో యూరప్ నుంచి దాదాపు 10 లక్షల మంది ఎక్కితే, తిరిగి దిగినవాళ్లు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందరూ చావలేదు, కొందరు ఇక్కడే ఉండిపోయారు, కానీ చాలామంది చచ్చారు, ఓడలో స్కర్వీతో, బటావియా చేరాక జ్వరాలతో. ప్రయాణమే ఎనిమిది నెలలు. 1629లో బటావియా అనే ఓడ ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర పగడపు దిబ్బలకు కొట్టుకుంటే, బతికి బయటపడ్డవాళ్లలో వంద మందికి పైగా సాటి మనుషుల చేతిలోనే చచ్చారు.

జీతం తక్కువ, సొంత వ్యాపారం నిషేధం. నిషేధం కాబట్టి అందరూ చేసేవాళ్లు. పులికాట్‌లో 1632 నుంచి పదేళ్లు పాస్టరుగా ఉన్న అబ్రహాం రోజేరియస్ లాంటివాళ్లు అరుదు, ఆయన పద్మనాభుడనే బ్రాహ్మణుడి దగ్గర కూర్చుని మన ఆచారాలు అడిగి రాసుకున్నాడు, భర్తృహరి శ్లోకాలు మొదటిసారి యూరప్ భాషలోకి వెళ్లింది ఆయన ద్వారానే.

ప్రశ్న: ఇంత పెద్దది ఎలా మూతపడింది?

ఒక్క దెబ్బకు కాదు. జనానికి మిరియాల మోజు తగ్గి కాటన్ బట్టలు, టీ మీదికి మళ్లింది, వాటిలో ఇంగ్లీషువాళ్లు గట్టిగా ఉన్నారు. ఆసియా లెక్కలు, హాలండ్ లెక్కలు వేరువేరుగా నడిచేవి, మొత్తం కంపెనీకి లాభమా నష్టమా అన్నది ఒకచోట తేలేది కాదు, అయినా అప్పు చేసి మరీ డివిడెండ్లు ఇచ్చిన ఏళ్లున్నాయి. కేరళ వైపు 1741లో కొలచెల్ దగ్గర మార్తాండవర్మ చేతిలో ఓడారు. అసలు నడుం విరిగింది 1780 నుంచి 1784 దాకా ఇంగ్లండుతో జరిగిన యుద్ధంలో, ఓడలు పోయాయి, 1781లో నాగపట్నం పోయింది. 1796లో ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది, 1799 డిసెంబరు 31తో చార్టర్ గడువు తీరింది. పది కోట్ల గిల్డర్లు దాటిన అప్పు ప్రభుత్వం, అంటే జనం, నెత్తిన పడింది.

ప్రశ్న: మన దగ్గర ఆనవాళ్లు ఏమున్నాయి?

బందరు, భీమిలి, పులికాట్‌లలో డచ్ సమాధులు. బందరు సమాధి రాళ్ల మీద కుటుంబ చిహ్నాలు, డచ్ అక్షరాలు లోతుగా చెక్కి ఉంటాయి. బందరులో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. పాలకొల్లు, జగన్నాథపురం, భీమిలి వగైరా మిగిలిన డచ్ చోట్లన్నీ 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇంగ్లీషువాళ్లకు వెళ్లిపోయాయి.

ప్రశ్న: మా ఇంట్లో వీఓసీ ముద్ర ఉన్న రాగి కాసు ఉంది, లక్షలొస్తాయా?

రావు. ఆ రాగి డ్యూట్ కాసులు 1726 నుంచి నెదర్లాండ్స్‌లో కుప్పలు తెప్పలుగా ముద్రించి తూర్పుకు పంపారు, మామూలు రకానికి కొన్ని వందల రూపాయలు వస్తే గొప్ప. 1790 అని ఉన్నవాటిని కంపెనీ మూతపడ్డాక కూడా చాలా ఏళ్లు అదే తేదీతో కొట్టారు. నకిలీలు కూడా బోలెడు. కోట్లిస్తామని ఫోన్ చేసి ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనేవాళ్లకు రూపాయి కూడా పంపొద్దు. ఇంకో మాట, తళతళలాడాలని చింతపండుతో తోమకండి, ఉన్న ధర కూడా పోతుంది.

ప్రశ్న: మా ఊరి గురించి వాళ్లేం రాశారో చూడొచ్చా?

చూడొచ్చు. కంపెనీ కాగితాలు ఎక్కువ భాగం హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, కొన్ని జకార్తా, కొలంబో, కేప్‌టౌన్, చెన్నైలలో. మొత్తం కలిపి రెండున్నర కోట్ల పేజీలంటారు, 2003లో యునెస్కో మెమరీ ఆఫ్ ద వరల్డ్ జాబితాలో చేర్చింది. హేగ్ కాగితాల్లో చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు, చేతిరాతను కంప్యూటర్ చదివి పెట్టింది కాబట్టి వెతకడమూ వీలవుతుంది. ఊరి పేరు మనం రాసినట్టు కొడితే మాత్రం ఏమీ రాదు. పాలకొల్లుకు పాలికోల్, భీమిలికి బిమిలిపట్నం, బందరుకు మసులిపట్నం, ద్రాక్షారామానికి దాట్‌షెరోమ్ అన్న ఉచ్చారణకు దగ్గరగా, ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు కాబట్టి నాలుగైదు స్పెల్లింగులు మార్చి మార్చి కొట్టి చూడండి. వచ్చింది పాత డచ్‌లో ఉంటుంది, అనువాదం యాప్ సగం తప్పులతోనే అయినా విషయం తెలిసే మేరకు చెప్పేస్తుంది.